ఐపీ పెడితే ఏది పోతది, ఏది పోదు

మన ఊర్లల్ల ‘ఫలానాయన ఐపీ పెట్టిండు’ అంటే జనాన్ని ముంచిండు అనే లెక్క. చిట్టీల పైసలు పట్టుకొని రాత్రికి రాత్రి తాళమేసి పోయినోన్నీ అట్లనే అంటరు. పంట పోయి, మిత్తి మీద మిత్తి పెరిగి నిజంగనే చేతులెత్తేసినోన్నీ అట్లనే అంటరు. ఈ బద్నాంకు భయపడి ఆ రెండో మనిషి కోర్టు మెట్లెక్కడు. లోలోపల కుములుతడు. కొందరు పాణమే తీసుకుంటున్నరు. అందుకే తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఈ ఐపీ ఏందో సాఫ్ సీదా తెలుసుకుందాం. మీ ఇంట్ల అవసరం పడకపోవచ్చు, మీ వాడకట్టుల ఎవలకో ఒకలకు పడతది.

ముందుగాల ఒక మాట. అప్పు కట్టలేకపోవుడు నేరం కాదు. నోటు మీద తెచ్చిన అప్పు సివిల్ వ్యవహారం. అప్పిచ్చినోడు కోర్టుల డిక్రీ తెచ్చుకున్నా సరే, కట్టే తాకత్ లేనోన్ని ఉత్త పేదరికానికి జైల్ల ఎయ్యొద్దని 1980ల జాలీ జార్జ్ వర్గీస్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. పైసలుండి కావాలని ఎగ్గొట్టేటోని సంగతి వేరు. ఆడవాళ్లనైతే పైసల డిక్రీ కింద అరెస్టే చెయ్యొద్దని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ల రాసి ఉన్నది. చెక్ బౌన్స్ మాత్రం క్రిమినల్ కేసు. రెండేండ్ల దాకా జైలు పడొచ్చు. ఐపీ పెట్టినంత మాత్రాన ఆ కేసు పోదు. అందుకే ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఎవ్వలకూ ఇయ్యొద్దు.

ఇగ ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, దివాలా దరఖాస్తు. 2016ల కొత్త దివాలా చట్టం వచ్చింది గని, మామూలు మనుషుల దివాలాకు సంబంధించిన భాగాన్ని ఇంకా అమలుల పెట్టలే. కంపెనీల అప్పుకు పూచీ ఉన్నోళ్లకే అది వర్తిస్తున్నది. కాబట్టి మన జిల్లాలల్ల ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు.

దరఖాస్తుల ఏం రాయాలె? ఎవలెవలకు ఎంత బాకీ, వాళ్ల పేర్లు, ఊర్లు, మనకున్న ఆస్తి ఎంత, అంతా రాయాలె. ఆస్తిని కోర్టుకు అప్పజెప్తమని ఒప్పుకోవాలె. కోర్టు దివాలా ఆర్డర్ ఇస్తే ఆస్తి రిసీవర్ చేతికి పోతది. ఆయన అమ్మి, వచ్చింది అప్పులోళ్లకు వంతుల లెక్కన పంచుతడు. ఆ తర్వాత కోర్టు అనుమతి లేకుండ అప్పులోళ్లు మన మీద కొత్త దావా ఎయ్యనీకె లేదు. గడువు లోపల విడుదల కోసం మళ్ల దరఖాస్తు పెట్టుకోవాలె. శానమంది ఇది మరుస్తరు. పెట్టకుంటే దివాలా ఆర్డరే రద్దయితది.

అన్నీ గుంజుకుంటరా అంటే, లేదు. ఒంటి మీది బట్టలు, వంట గిన్నెలు, మంచం, ఆడవాళ్ల మెడల పుస్తె, కులవృత్తోళ్ల పనిముట్లు, రైతు నాగలి, ఎడ్లు, విత్తనాలు, రైతు ఉండే ఇల్లు, వీటిని జప్తు చెయ్యొద్దని 60వ సెక్షన్ చెప్తది. దివాలాలో కూడా అవి మనయే. కాని తాకట్టు పెట్టినదానికి ఈ రక్షణ ఉండదు. బ్యాంకుల కుదువబెట్టిన భూమి మీద బ్యాంకు హక్కు బ్యాంకుకే ఉంటది.

ఇగ ఐపీతోని పోనివి చూడుండ్రి. సర్కారుకు కట్టాల్సిన బాకీ పోదు. మోసంతోని చేసిన అప్పు పోదు. జమానతు సంతకం పెట్టిన దోస్తు బాధ్యత కూడా పోదు. నువ్వు బయటపడ్డా, అప్పులోడు వాని ఇంటికి పోతడు. దోస్తు కోసం సంతకం పెట్టేముందు ఇది యాది పెట్టుకోండ్రి. ఇంకోటి, పెండ్లాం పిల్లలకు క్రిమినల్ ప్రొసీజర్ చట్టం కింద పడ్డ భరణం కూడా పోదు. ‘ఐపీ పెడతా, నీకు పైస రాదు’ అని మొగుడు బెదిరిస్తే చెల్లెలు భయపడాల్సిన పని లేదు.

కొందరు సలహాదారులు ఉంటరు. ‘ముందు భూమి పెండ్లాం పేర రాయి, ఇడుపుకాగితం రాసుకో, తర్వాత ఐపీ పెట్టు’ అంటరు. ఆ మాట వింటే మునిగినట్టే. దరఖాస్తుకు ముందు రెండేండ్లల ఉత్తగనే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చెయ్యొచ్చు. మోసంతోని ఆస్తి దాస్తే ఏడాది దాకా జైలు. పెద్దమనుషుల ముందట రాసుకున్న ఇడుపుకాగితం, ఆ కులంల ఆచారం ఉన్నదని రుజువైతే తప్ప, హిందూ వివాహ చట్టం కింద విడాకులు కాదు. అప్పు తప్పించుకుందామని దొంగ విడాకులు రాసుకుంటే చివరికి ఆగమయ్యేది ఆడమనిషే.

అసలు సంగతి ఇంకోటుంది. మొగని అప్పు పెండ్లాం నెత్తి మీద దానంతటదే పడదు. నోటు మీదనో, జమానతు మీదనో ఆమె సంతకం ఉంటేనే ఆమెను అడగాలె. మొగడు చచ్చిపోతే, ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. ఆమె సొంత కష్టార్జితం మీద, పుట్టింటోళ్లు పెట్టిన బంగారం మీద అప్పులోనికి హక్కు లేదు.

వకీలు ఫీజుకు పైసలు లేవంటరా? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆమ్దానీతోని సంబంధం లేకుండ ఉచిత వకీలును ఇయ్యాలె. ఆమ్దానీ తక్కువున్న మిగతావాళ్లకూ ఇస్తరు. కోర్టు ఆవరణల న్యాయసేవా సంస్థ ఆఫీసుంటది, 15100కు ఫోన్ చేసినా చెప్తరు. పోయేటప్పుడు నోట్లు, కట్టిన రసీదులు, పాస్‌బుక్కు, వచ్చిన నోటీసులు అన్నీ పట్టుకపోండ్రి. ఒక్క బాకీ కూడా దాయొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పినోనికే ఈ చట్టం ఆసరయితది.