పెద్దవారికి మతిమరుపు జబ్బు – చూసుకునే వారికి ఫోను చేయగల సాయం

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం వయస్సు పైబడిన వారిలో సహజమే. చేతిలో తాళంచెవి ఉంచుకుని అది దేనికో తెలియకపోవడం సహజం కాదు. దీనినే వైద్యులు డిమెన్షియా అంటారు. మన ఇళ్ళలో చాదస్తం అని సరిపెట్టుకుంటారు. 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటిన వారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నది.

థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత వల్ల కూడా మతిమరుపు రావచ్చు. ఇవి చికిత్సకు లొంగుతాయి కాబట్టి మొదట పరీక్షలు చేయించండి. రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మనిషి తికమకపడితే అది మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లనో, ఒంట్లో ఉప్పు తగ్గడం వల్లనో కావచ్చు. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇక మీ సంగతి. ఏలూరులో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ, కొల్లేటి లంకల్లో గానీ ఇలాంటి పెద్దవారిని చూసుకునేది సాధారణంగా ఒక్క మనిషే. భార్యో, కోడలో, పెళ్ళి కాని కూతురో. కొడుకులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి డబ్బు పంపుతారు. డబ్బు అవసరమే. కాని రాత్రి రెండు గంటలకు నిద్ర లేచేది డబ్బు కాదు. చూసుకునే వారికి నిద్రలేమి, నడుము నొప్పి, బి.పి., దిగులు వస్తాయి. చాలామంది తమ జబ్బు సంగతి ఆసుపత్రిలో చెప్పనే చెప్పరు.

అమెరికాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాల్లోనూ మనలాగే పెద్దలను ఇంట్లోనే ఉంచుకుంటారు, భారం ఎక్కువగా కూతుళ్ళ మీదే పడుతుంది. అక్కడి అయిదు నగరాల్లో 642 మంది సంరక్షకులతో ఒక పరిశోధన జరిగింది. వారిలో 212 మంది ఈ కుటుంబాల వారే. ఆరు నెలల పాటు ఇంటికి వెళ్ళి నేర్పారు, ఫోనులో మాట్లాడారు, కొందరిని కలిపి ఫోనులోనే ఒకరి కష్టం ఒకరు చెప్పుకోనిచ్చారు. 2006లో ఫలితాలు వచ్చాయి. సాయం అందిన వారిలో డిప్రెషన్ నూటికి సుమారు 13 మందిలో కనిపించగా, అందని వారిలో 23 మందిలో కనిపించింది. ఇందులో మందు ఏదీ లేదని గమనించండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసపోర్ట్ అనే ఉచిత శిక్షణను ఇంటర్నెట్‌లో ఉంచింది. జబ్బు గురించి, స్నానం, భోజనం వంటి రోజువారీ పనుల గురించి, మారిన ప్రవర్తనను ఎదుర్కోవడం గురించి, చూసుకునే వారు తమను తాము కాపాడుకోవడం గురించి అందులో పాఠాలు ఉన్నాయి. ఇంగ్లీషు వచ్చిన పిల్లల చేత రోజుకొక పాఠం తెలుగులో చెప్పించుకోండి.

ఆ శిక్షణ ఏ రకంగా ఉంటుందో మన ప్రాంతపు ఉదాహరణతో చూద్దాం. జీవితమంతా చేపల చెరువులు చేసిన మామగారు తెల్లవారుజామున లేచి, "మేత వెయ్యాలి" అని బయలుదేరతారు. చెరువు అమ్మి పదేళ్ళయింది. "చెరువు ఎక్కడుంది, ఎప్పుడో అమ్మేశారుగా!" అంటే ఆయన నమ్మరు, కోపం వస్తుంది, గడియ తీయమని తిడతారు. "మేత కుర్రాళ్ళు వేస్తున్నారండి మావయ్యగారూ, ఈలోగా కాఫీ తాగండి" అంటే చాలాసార్లు కూర్చుంటారు. ఇది అబద్ధం కదా అని కొందరు బాధపడతారు. వాదించి ఆయనను ఏడిపించడం కంటే ఇది మేలని మా అభిప్రాయం. పగలు చేతికి పని కల్పిస్తే, వల దారమో, ఉల్లిపాయల బుట్టో ముందు పెడితే, రాత్రి నిద్ర కొంత మెరుగుపడుతుంది.

వాట్సాప్‌లో కుటుంబ గ్రూపు ఉంటే శుభోదయాలకే పరిమితం చేయకండి. ఎవరు ఏ వారం వచ్చి ఉంటారో అందులో రాయండి. దూరాన ఉన్న కొడుకు రోజూ సాయంత్రం ఒకే వేళకు వీడియోలో తండ్రితో అరగంట పాత కబుర్లు చెబితే, ఆ అరగంట వదినగారికి విశ్రాంతి. "నేనెవరో చెప్పు నాన్నా" అని పరీక్ష పెట్టవద్దు. "నాన్నా, నేను పెద్దాణ్ణి" అని తానే చెప్పాలి. రాత్రి ప్రవర్తనను నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపండి, మాటల్లో చెప్పేదాని కంటే బాగా తెలుస్తుంది. ఆ వీడియో బంధువులకు మాత్రం పంపవద్దు.

దిగులు, నిద్రలేమి ఉంటే 14416కు ఫోను చేయండి. ఇది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పెద్దవారి సమస్యలకు 14567 ఉన్నది. మతిమరుపును నెలలో పోగొడతామనే యూట్యూబ్ ప్రకటనలకు డబ్బు కట్టకండి. పెద్దవారి ఫోనులో బ్యాంకు యాప్ ఉంచకండి. మోసం జరిగితే వెంటనే 1930కు చెప్పాలి.

లంకల్లో సిగ్నల్ ఎప్పుడూ అందుతుందని చెప్పలేం. కనుక ఫోను చూపే లొకేషన్ మీదే ఆధారపడవద్దు. చొక్కా లోపలి వైపు మీ ఫోను నంబరు కుట్టించండి. పడవ వారికి, చెరువు కాపలా వారికి, టీ కొట్టు వారికి మనిషి ఫోటో ఇచ్చి ఉంచండి. కనబడకపోతే సాయంత్రం దాకా చూడక వెంటనే 112కు ఫోను చేసి, ముందుగా చెరువు గట్లు, కాలువ రేవులు వెతకండి.