మెత్తని నేల – గట్టి పునాది



రాజమహేంద్రవరమునకు దిగువను గోదావరి గౌతమీ వసిష్ఠలుగా చీలి, వేల సంవత్సరములుగా తెచ్చి పోసిన ఒండ్రే మన డెల్టా. వరిపైరునకు తల్లివంటి యీ నేల గోడకు మాత్రము నమ్మదగినది కాదు.

1847లో ధవళేశ్వరముకడ ఆనకట్టకు పూనుకొన్న కాటన్ దొరగారికి నది యడుగున ఇసుకయే యెదురైనది. ఆయన ఇసుకలోనికి బావులు దింపించి, వానిపై గోడ నిలిపి, రాతిని విరివిగా పరపించెను. 1852లో ఆ పని ముగిసినది.

అయితే ఇసుక వేరు, జిగటమట్టి వేరు. బరువు పడగానే ఇసుకలోని నీరు తొలగిపోవును. జిగటమట్టి తన నీటిని సులభముగా విడువదు. ఏండ్ల తరబడి మెల్లమెల్లగా విడుచుచు క్రుంగును. ఒక మూల ఎక్కువగను, వేరొక మూల తక్కువగను క్రుంగినచో గోడ బీటలు వారును. పూడ్చిన చెరువులపై లేచిన యిండ్లలో గచ్చు పగులుటయు, తలుపులు బిగిసిపోవుటయు నేను పలుమారు చూచితిని.

కావున గోడ రాకమునుపే నీటిని వెడలింపవలెను. పెరుగును గుడ్డలో మూటగట్టి పైన రాయి పెట్టుదుము గదా! అట్లే నేలపై మట్టిదిబ్బ పోసి కొన్ని నెలలు వేచియుండుట ఒక పద్ధతి. కాని మెత్తని బురదపై ఎత్తుగా, త్వరగా పోసిన దిబ్బ ప్రక్కలకు జారును.

1952లో స్వీడను దేశపు ఇంజనీరు షెల్మన్ మరియొక ఉపాయమును ప్రకటించెను. నేలలో దగ్గరదగ్గరగా నిలువు కాలువలు దింపుదురు. ఇప్పుడు వీనికి ప్లాస్టిక్ పట్టీలను వాడుచున్నారు. పైన ఇసుక పరచి, గొట్టములమర్చి, గాలిచొరని పట్టాతో కప్పి, దాని అంచులను బంకమట్టిలో పాతిపెట్టుదురు. పిమ్మట పంపులతో లోపలి గాలిని, నీటిని రేయింబవళ్లు తోడుదురు. మన నెత్తిపైనున్న గాలి చదరపు మీటరునకు సుమారు 10 టన్నుల బరువుతో నొక్కుచున్నది. లోపలి గాలిని తీసివేయగా అందులో 8 టన్నుల వరకు పనికి వచ్చును. అది నాలుగు మీటర్ల మట్టిదిబ్బతో సమానము. జారిపోవునను భయము లేదు. కొన్ని నెలలకు క్రుంగుట దాదాపు నిలిచిపోవును. అప్పుడు పంపులనాపి కట్టడము మొదలుపెట్టుదురు.

ఒక చిక్కు కలదు. మన పొలముల క్రింద పూర్వపు నదీపాయల యిసుకపొరలుండును. ఆ దారిని గాలియు నీరును చొరబడినచో శ్రమ వ్యర్థము. అట్టిచోట స్థలము చుట్టును బంకమట్టితో అడ్డుగోడ దింపవలెను. కనుక ముందుగా బోరు వేసి మట్టిని పరీక్షింపక తప్పదు.

రేవులకు, విమానాశ్రయములకు, పెద్ద రోడ్లకు తగిన యీ పద్ధతి మన యిండ్లకు అక్కరలేదు. కాని ఊరి బడికో, గిడ్డంగికో స్థలమేర్పరచునప్పుడు మూడు ప్రశ్నలు తప్పక అడుగుడు: బోరు ఎంత లోతునకు వేసిరి? కట్టడము ఎంత క్రుంగును? పునాదిలో సగము పాతగట్టుపైనను, సగము పూడ్చిన చెరువుపైనను పడుచున్నదా? ఈ మూడవదే మిక్కిలి ప్రమాదకరము. పగిలిన గోడను బాగుచేయించుటకన్న మట్టిని పరీక్షించి కొన్నినెలలు ఆగుట చవుక. ఆ గోడల నడుమ కూర్చుండువారు మన బిడ్డలు.