ఇంగ్లీషు పంతులుకు పాస్‌పోర్టు పరీక్ష

దక్షిణ కొరియాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే విదేశీయులకు ఇచ్చే వీసా పేరు ఈ-2. మామూలుగా అది ఏడు దేశాల పౌరులకే ఇస్తారు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. ఆ ఆఖరి పేరు దగ్గర కాస్త ఆగాలి. దక్షిణాఫ్రికా జనాభా లెక్కలు చూస్తే, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా తేలరు. ఎక్కువమందికి జులూయో, షోసాయో, ఆఫ్రికాన్సో ఇంటి భాష. ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నారు, అచ్చం మనలాగే. వాళ్లమీద కొరియాకు నమ్మకం కుదిరింది, సంతోషమే. మనమీద ఎందుకు కుదరలేదన్నదానికి మాత్రం ఏ గ్రామర్ పుస్తకంలోనూ జవాబు దొరకదు.

విదేశాల్లో ఇంగ్లీషు టీచరుగా పనిచేద్దామనుకునే మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. చాలాచోట్ల మొదట పాస్‌పోర్టు చూస్తారు, తర్వాత డిగ్రీ చూస్తారు, పాఠం ఎలా చెబుతారన్నది తీరిక ఉంటే చూస్తారు. బాధపడి లాభం లేదు. ఏ దేశం దేనికి విలువిస్తుందో ముందే కనుక్కుంటే డబ్బూ కాలమూ మిగులుతాయి.

విదేశీయులను బడుల్లో ఇంగ్లీషు పాఠాలకు సాయంగా రప్పించడానికి జపాన్ ప్రభుత్వం 1987లో జెట్ అనే పథకం మొదలుపెట్టింది. తొలి ఏడాది నాలుగు దేశాల నుంచి 848 మంది వెళ్లారు. ఇప్పుడు దేశాల జాబితా బాగా పెరిగింది కానీ అర్హత పెద్దగా మారలేదు: ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, టీచర్ ట్రైనింగ్ తప్పనిసరి కాదు. జపాన్ టీచరు పక్కన నిలబడి సాయం చేయడమే ప్రధానమైన పని కాబట్టి మరీ తప్పుపట్టలేం. మన దగ్గర సర్కారు బడిలో మూడో తరగతికి చెప్పాలంటే డీఎడ్, టెట్ దాటుకుని, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడాలి. అదో రకం శిక్షణ.

పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాడే మంచి టీచరన్న మాటకు పండితుల మద్దతు పోయి చాలా కాలమైంది. ఆ మాటను బలపరిచిన, 1961లో ఉగాండాలోని మకెరెరేలో జరిగిన సదస్సు ఆలోచనలను తిరగేసి, అది వట్టి అపోహ అని భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో పుస్తకమే రాశాడు. హంగరీకి చెందిన పీటర్ మెడ్జెష్ ఇంకో అడుగు వేశాడు: కష్టపడి నేర్చుకున్నవాడికే పిల్లవాడు ఎక్కడ తడబడతాడో ముందే తెలుస్తుందన్నాడు. ఇంగ్లీషు టీచర్ల అంతర్జాతీయ సంఘం టీసాల్ ఈ వివక్షను ఖండిస్తూ 2006లో ప్రకటన కూడా చేసింది. అయినా ట్యూషన్ సెంటర్ల ప్రకటనల్లో ‘నేటివ్ స్పీకర్లు మాత్రమే’ అన్న లైను పోలేదు. ఫీజు కట్టే తల్లిదండ్రులు సంఘాల తీర్మానాలు చదవరు, గోడమీది ఫొటో చూస్తారు.

ఇంకో సంగతి. హైదరాబాదులో 1958లో పెట్టిన ఇంగ్లీషు సంస్థే పేర్లు మారి, 2007లో ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆసియా, ఆఫ్రికా దేశాల ఉద్యోగులు, టీచర్లు భారత ప్రభుత్వ ఖర్చుతో అక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుని వెళ్తుంటారు. వియత్నాం, లావోస్, కంబోడియాల్లో ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు పెట్టడానికి మన ప్రభుత్వం ఆశ్రయించింది కూడా ఈ సంస్థనే. అంటే సర్కార్లు మాట్లాడుకున్నప్పుడు మన ఇంగ్లీషు పనికొస్తుంది. ట్యూషన్ సెంటరు యజమాని దగ్గరకొచ్చేసరికి యాస అడ్డొస్తుంది.

మరి దారి లేదా? ఉంది. అందుకు పనికొచ్చేది మనం చులకనగా చూసే బీఎడ్. కొరియానే తీసుకోండి. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఆర్థిక ఒప్పందం, డిగ్రీ, టీచరు అర్హత ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా చేరే వీలు కల్పించింది. ఇరుకు తలుపే, పైగా లోపలి నుంచి ఎవరైనా పిలవాలి. గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లు బీఎడ్ లేనిదే మాట్లాడవు. మాల్దీవుల్లో పిల్లల ఇంటి భాష ధివేహి, చదువు ఎక్కువగా ఇంగ్లీషులో. అందుకే అక్కడి దీవుల బడుల్లో ఏళ్లుగా భారతీయ టీచర్లు కనిపిస్తారు, తెలుగువాళ్లూ ఉన్నారు. ఊరంతా అరగంటలో నడిచి చుట్టేయగల దీవిలో రెండేళ్లు ఉండగలరా అన్నది సర్టిఫికెట్లు చెప్పే విషయం కాదు.

ఇక విదేశీయులకు ఇంగ్లీషు చెప్పడానికి ఇచ్చే టెఫెల్ సర్టిఫికెట్లు. నూట ఇరవై గంటల ఆన్‌లైన్ కోర్సు అంటూ పండగ డిస్కౌంట్లతో అమ్ముతారు. వాటిలో చాలావాటికి మీరు ఒక్క పిల్లవాడి ముందైనా నిలబడాల్సిన పనిలేదు. కేంబ్రిడ్జి వారి సెల్టా అలా కాదు. అందులోనూ కనీసం నూట ఇరవై గంటలే, కానీ నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పాలి, వెనక బెంచీలో శిక్షకులు కూర్చుని రాసుకుంటారు. మన టీచర్లకు అక్కడ తగిలే మొదటి దెబ్బ ‘అర్థమైందా?’ అని అడగొద్దనడం. ‘ఐ యూజ్డ్ టు స్మోక్’ అన్న వాక్యం చెప్పారనుకోండి. వెంటనే అడగాల్సినవి: ఇప్పుడు తాగుతున్నాడా? అప్పట్లో ఒక్కసారే తాగాడా, రోజూ తాగేవాడా? ఈ రెండింటికీ సరైన జవాబు వస్తే అర్థమైనట్టు. ‘అర్థమైంది సార్’ అని క్లాసంతా ఒక్క గొంతుతో అరవడం మన పద్ధతి, దాని ఫలితాలు యూనిట్ టెస్టులో తెలుస్తాయి. సెల్టా ఫీజు ఎక్కువే. కానీ కొత్త దేశం వెళ్లకపోయినా, ఉన్న ఊళ్లో పాఠం బాగుపడుతుంది.

కాగితాల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది: ఇంటిపేరు. టెన్త్ మెమోలో దానికి ఒక్క పొడి అక్షరం, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో పెళ్లయ్యాక వచ్చిన కొత్తది. ముగ్గురూ ఒకరేనని విదేశీ ఆఫీసరుకు నచ్చజెప్పడానికి అఫిడవిట్లు కావాలి. ఒక దేశం కాగితాలను ఇంకో దేశం ఒక్క ముద్రతో ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 నుంచి అమల్లో ఉంది కాబట్టి, అందులో ఉన్న దేశాలకైతే రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర సరిపోతాయి. లేని దేశాలకైతే ఎంబసీ గడప కూడా ఎక్కాలి. ముందు పేరు సరిచేయించుకుని, తర్వాతే ముద్రలకు వెళ్లండి.

ఆఖరి మాట ఏజెంట్ల గురించి. విదేశీ ఉద్యోగాలిప్పించే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఉన్నాడో లేడో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ‘ముందు టూరిస్టు వీసా మీద వెళ్లండి, అక్కడ మార్పిద్దాం’ అన్నవాడి దగ్గర కూర్చోవద్దు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లి సైబర్ మోసాల ముఠాల చేతిలో చిక్కినవాళ్ల కేసు 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు. వర్క్ పర్మిట్ ఎవరి పేరు మీద వస్తుందో, జీతం ఎంతో, తిరుగు టికెట్ ఎవరిదో స్కూలు లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడగండి. రాసివ్వనివాళ్లకు మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి.