బీ-ట్రీ: సర్వే నంబరును వెతికిపెట్టే చెట్టు

బీ-ట్రీ అంటే డేటాబేస్‌లో కావలసిన వరుసను త్వరగా వెతికిపెట్టే సూచిక. అది లేని పట్టికలో ఒక్క సర్వే నంబరు కావాలన్నా మొదటి వరుస నుంచి చదువుకుంటూ పోవలసిందే. 1970లో అమెరికాలోని సియాటెల్‌లో, బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ దీన్ని రూపొందించారు. వారి పత్రం 1972లో ‘యాక్టా ఇన్ఫర్మాటికా’లో అచ్చయింది. పేరులోని ‘బీ’ బోయింగ్‌దా, బేయర్‌దా, మరొకటా అన్నది ఇద్దరూ తేల్చి చెప్పలేదు.

ఆనాటి చిక్కంతా డిస్కుతోనే. మెమరీలో పోల్చి చూడటం చిటికెలో అయిపోతుంది; తిరిగే డిస్కు నుంచి ఒక పేజీ, అంటే ఒక్కసారిగా చదివే ముక్క, తేవడానికే ఆలస్యం. ప్రతి మెట్టులో సగం వదిలేస్తూ వెతికితే 2.7 కోట్ల వరుసలకు దాదాపు 25 మెట్లు దిగాలి. బేయర్, మెక్‌క్రైట్ చెట్టు ఎత్తు తగ్గించి వెడల్పు పెంచారు. ఒక్కో పేజీలో 300 విలువలు పడితే 300×300×300, అంటే అవే 2.7 కోట్ల వరుసలు మూడు మెట్లలో అందుతాయి.

అసలు అందం పేజీ నిండినప్పుడు కనబడుతుంది. నిండిన పేజీ రెండుగా చీలి, నడిమి విలువ పై పేజీకి ఎక్కుతుంది. అదీ నిండి ఉంటే అదీ చీలుతుంది. చివరికి వేరు పేజీయే చీలితే దాని పైన కొత్త వేరు పుడుతుంది. అడవిలో చెట్టు కొనల దగ్గర ఎదుగుతుంది. ఈ చెట్టు వేరు దగ్గర ఎదుగుతుంది. అందుకే ఆకులు, అంటే అడుగు మెట్టు పేజీలు, అన్నీ వేరుకు సమాన దూరంలో ఉంటాయి. ఇంత చక్కని ఏర్పాటు కంప్యూటర్ శాస్త్రంలో అరుదు. 1979 నాటికే కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ కోమర్ దీన్ని ‘సర్వవ్యాప్తం’ అన్నాడు. నేటి డేటాబేస్‌లైన పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్‌లకు ఆధారం బీ-ట్రీ కుటుంబమే.

అయితే చెట్టును ఏ క్రమంలో పేర్చాలన్నది దాన్ని వాడే వెబ్‌సైటు కట్టేవారు నిర్ణయించుకోవాలి. తెలంగాణలో 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్లు వచ్చాయి. ఇలాంటి భూమి రికార్డుల్లో జిల్లా, మండలం, గ్రామం, ఆపైన సర్వే నంబరు అనే క్రమంలో వెతకడం వాడుక. సూచికనూ అదే క్రమంలో కడితే వెతుకులాట నేరుగా గమ్యం చేరుతుంది. గ్రామం చెప్పకుండా సర్వే నంబరు ఒక్కటే ఇస్తే ఆ సూచిక దాదాపు అక్కరకు రాదు. చర్ల, దుమ్ముగూడెం వైపు అటవీ గ్రామాల నుంచి మీసేవ కేంద్రానికి వచ్చిన రైతుకు తెర కదలకపోతే ఆనాటి కూలి పోయినట్లే. కనుక ఇది చిన్న విషయం కాదు.

సర్వే నంబరులోనూ ఒక మెలిక ఉంది. 45/అ వంటి ఉపవిభాగాలు ఉన్నాయని దాన్ని అక్షరాలుగా దాస్తే 100 వెళ్లి 20కి ముందు కూర్చుంటుంది. అంకెను, ఉపవిభాగాన్ని వేర్వేరు గళ్లలో పెట్టడమే మేలు.

జిల్లా పేరునే సూచికకు మొదటి మెట్టు చేస్తే మరో ఇబ్బంది. చింతూరు మండలం 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. అలా మారిన ప్రతిసారీ ఆ ఊళ్ల వరుసలన్నిటినీ సూచికలో ఒకచోట తీసి మరోచోట పెట్టాలి. గ్రామానికి ఎప్పటికీ మారని సంఖ్య ఇస్తే ఆ శ్రమ తప్పుతుంది.

ఊరి పేరుతో వెతికేటప్పుడు బీ-ట్రీ పేరు మొదటి అక్షరాల నుంచే పట్టుకుంటుంది. ‘దుమ్ము’ అని కొడితే దుమ్ముగూడెం తక్షణం దొరుకుతుంది; ‘గూడెం’ అని కొడితే దుమ్ముగూడెం గాని, కొత్తగూడెం గాని చిక్కవు. నిఘంటువులో ‘గూడెం’తో ముగిసే మాటలు వెతకడం ఎంత కష్టమో ఇదీ అంతే. అలాంటి చోట పేరును మూడేసి సంకేతాల ముక్కలు చేసి దాచే ట్రైగ్రామ్ సూచిక నయం. యూనికోడ్‌లో ‘బూర్గంపాడు’, ‘బూర్గంపహాడ్’లకు మొదటి ఏడు సంకేతాలు ఒకటే కాబట్టి రాత మారినా రెండూ దగ్గరగా తేలుతాయి.

ప్రతి సూచికకూ ఖర్చుంది: కొత్త వరుస రాసినప్పుడల్లా అన్నిటినీ సవరించాలి. సూచిక ఉన్నా దాన్ని వాడాలో లేదో తేల్చేది డేటాబేస్‌లోని ప్రణాళిక భాగం. 1979లో ఐబీఎంకు చెందిన ప్యాట్రీషియా సెలింగర్ బృందం సిస్టమ్ ఆర్ డేటాబేస్‌లో ఇందుకు ఖర్చు లెక్కగట్టే దారి చూపింది. జిల్లాలోని మండలాల జాబితా వంటి చిన్న పట్టికైతే ప్రణాళిక భాగం సూచికను పక్కనపెట్టి, పట్టికంతా ఒక్కసారే చదివేస్తుంది.