కాలు తవ్వుకునే కొత్త కాలువలు

కాలికి రక్తం తీసుకెళ్లే ధమని సాధారణంగా ఒక్కరోజులో మూసుకుపోదు. లోపలి గోడకు కొవ్వు, కాల్షియం పేరుకుని ఏళ్ల తరబడి ఇరుకవుతూ వస్తుంది. కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. కాస్త దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది. ఆగితే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది, మళ్లీ నడిస్తే మళ్లీ మొదలు. కండరం అడిగినంత ఆక్సిజన్‌ను ఇరుకు నాళం అందించలేకపోవడమే దీనికి కారణం. ముదిరితే పడుకున్నా పాదం నొప్పి పెడుతుంది, వేళ్ల మీద పుండ్లు మానవు, చివరికి కాలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. ఆ ప్రమాదాన్ని ఆపడానికి శరీరం తనంతట తాను రెండు పనులు చేస్తుంది.

పక్కదారి పెద్దదవుతుంది

తొడలోనూ మోకాలి చుట్టూ సన్నని ధమనులు పుట్టుకతోనే ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ప్రధాన ధమని మూసుకుంటే అడ్డుకు పైన పీడనం ఎక్కువగా, కింద తక్కువగా ఉంటుంది. ఆ తేడా వల్ల రక్తం పక్క నాళాల్లోకి మళ్లుతుంది. గోడలను ఒరుసుకుంటూ పారే ఆ వడిని నాళం లోపలి పొర పసిగడుతుంది. అది పంపే రసాయన సంకేతాలకు మోనోసైట్లనే తెల్లరక్తకణాలు వచ్చి చేరతాయి. పాత గోడ సడలుతుంది, కొత్త కండర కణాలు పెరుగుతాయి, వారాల్లో నాళం వెడల్పవుతుంది. ఇదే ఆర్టీరియోజెనెసిస్. పీడనం మారకుండా నాళం వ్యాసం రెట్టింపైతే ప్రవాహం దాదాపు 16 రెట్లవుతుంది.

ఈ పక్కదారుల బలాన్ని 1785లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ కళ్లకు కట్టారు. ఒక బండివాడికి మోకాలి వెనుక ధమని ఉబ్బింది. హంటర్ తొడలోని ప్రధాన ధమనినే దారంతో కట్టేశారు. అయినా కాలు చావలేదు, చిన్న నాళాలు దాన్ని బతికించాయి. తొడలోని ఆ చోటును వైద్య విద్యార్థులు నేటికీ హంటర్ కెనాల్ అనే చదువుకుంటారు.

కొత్త నాళం మొలుస్తుంది

రెండో పని ఆక్సిజన్ అందని చోటే జరుగుతుంది. కణాల్లో హిఫ్ అనే ప్రోటీన్ తయారవుతూ ఉంటుంది. ఆక్సిజన్ ఉంటే అది నిమిషాల్లో నాశనమవుతుంది, కరవైతే నిలిచిపోయి వెజ్‌ఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని పుట్టిస్తుంది. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ తీరును బయటపెట్టినందుకే సెమెంజా, కేలిన్, ర్యాట్‌క్లిఫ్‌లకు 2019లో నోబెల్ బహుమతి దక్కింది.

వెజ్‌ఎఫ్ వాసన తగిలిన కేశనాళికలో ఒక కణం మొనదేలుతుంది. సన్నని పోగులు చాచి, తడుముకుంటూ ముందుకు పాకుతుంది. వెనుక కణాలు విభజన చెందుతూ దాన్ని అనుసరిస్తాయి. ఎదురొచ్చిన మరో మొలకతో కలవగానే మధ్యలో దారి తెరుచుకుని రక్తం పారుతుంది. ఇది యాంజియోజెనెసిస్.

మందు ఎందుకు చాలలేదు

ఈ మొలకలను మందుతో పుట్టించాలని 1994లో బోస్టన్‌లో జెఫ్రీ ఇస్నర్ బృందం ఒక రోగి కాలికి వెజ్‌ఎఫ్ జన్యువును ఎక్కించింది. ఆశ పెరిగింది. కానీ మరో పెరుగుదల కారకం జన్యువుతో 525 మందిపై జరిపిన టమారిస్ పరీక్షలో కాలు తీసేయాల్సిన అవసరం తగ్గలేదని 2011లో తేలింది. కేశనాళికలు పెరిగితే సరిపోదు. పొలంలో ఎన్ని బోదెలు తవ్వినా పైనుంచి కాలువ నీరు రాకపోతే మడి తడవదు.

పొగాకు, అదుపు లేని షుగరు ఈ రెండు పనులనూ దెబ్బతీస్తాయి. నడక మేలు చేస్తుంది. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడం వారానికి మూడుసార్లు, 12 వారాలు వైద్యుల పర్యవేక్షణలో చేస్తే నొప్పి లేకుండా నడిచే దూరం పెరుగుతుంది. కండరం ఆక్సిజన్‌ను మెరుగ్గా వాడుకోవడం కూడా అందులో భాగమే. పుండు పడినా, పడుకున్నప్పుడు పాదం నొప్పి పెట్టినా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి. నడిస్తే పిక్క పట్టేయడాన్ని వయసు మీదికి నెట్టేయకూడదు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వచ్చిందంటే కాలి ధమని ఇరుకైనట్టే. సూది గుచ్చకుండా నిమిషాల్లో అయిపోయే ఆ పరీక్ష కాలును కాపాడుతుంది.