శూన్యమూ శిల్పమే

శిల్పమనగానే ఉలి, సుత్తి, రాయి స్ఫురిస్తాయి. 1960వ దశకంలో అమెరికాలోని కొందరు శిల్పులు ఈ మూడింటినీ విడిచి, కర్మాగారాలలో తయారయ్యే సామగ్రిని చేపట్టారు. విమర్శకులు వీరిని మినిమలిస్టులన్నారు. వీరిలో ప్రముఖుడైన డొనాల్డ్ జడ్‌కు ఆ పేరు రుచించలేదు.

న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో జడ్ 1967 నాటి కృతి ఒకటి ఉంది. జింకు పూత గల పన్నెండు ఇనుప పెట్టెలు గోడకు ఒకదానిపై ఒకటిగా నిలిచి ఉంటాయి. పెట్టె ఎత్తు 9 అంగుళాలు. పెట్టెకూ పెట్టెకూ నడుమ ఎడమూ 9 అంగుళాలే. లోహమెంతో శూన్యమూ అంతే. ఒక్క పెట్టె జరిగినా కృతి చెదిరిపోతుంది. పైన మెరిసే ఆకుపచ్చ రంగులో కుంచె జాడే లేదు.

డాన్ ఫ్లావిన్ రంగులు పూయనే లేదు. బజారులో దొరికే ట్యూబ్‌లైట్లను గోడకు బిగించాడు. ఆ వెలుగు గోడను, నేలను, ప్రేక్షకుని దుస్తులను సైతం తన రంగులో ముంచుతుంది.

అయితే ఇది కళేనా? కార్ల్ ఆండ్రే 120 ఇటుకలను నేలపై రెండు పొరలుగా పేర్చిన కృతిని లండన్‌లోని టేట్ గ్యాలరీ 1972లో కొన్నది. ప్రజాధనం వృథా అయిందని 1976లో పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ ఎగతాళిలో ఒక సంగతి మరుగున పడింది. అది ఎనిమిది కృతులలో ఒకటి. అన్నింటా 120 ఇటుకలే. పేర్పు మాత్రం వేరు. ఘనపరిమాణం ఒకటే అయినా, ఒక్కొక్కటి గది నేలను ఒక్కొక్క తీరుగా ఆక్రమిస్తుంది.