తేట నీటిలో దాగిన నైట్రేటు

నీరు తేటగా ఉన్నంతమాత్రమున మంచినీరు కాజాలదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమల వారికి ఈ సంగతి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. స్ఫటికమువలె కనబడు బావినీటిలో కరగియున్న ఫ్లోరైడు ఎందరి పళ్లకు గార పట్టించినదో, ఎందరి ఎముకలను వంచినదో వారెరుగుదురు. ఆ నీటిలోనే దాగియుండగల మరియొక లవణము నైట్రేటు. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది నీటిలో ఎట్లు చేరును? వడపోతచే దీనిని తొలగింప వచ్చునా?

ఈ ప్రశ్నలకు సమాధానము, సముద్రమునకు ఎంతో దూరమున ఉన్న మనకు, సముద్రపు చేపలను గాజుతొట్టెలో పెంచువారి అనుభవమునుండి లభించుట ఒక వింత. తొట్టెలో చేపలు విసర్జించినదియు, తినగా మిగిలిన మేతయు కుళ్లి అమ్మోనియా ఏర్పడును. అది చేపలకు విషము. వడపోత ఇసుకను అంటిపెట్టుకొని జీవించు సూక్ష్మజీవులు, ప్రాణవాయువు సహాయముతో, దానిని మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును.

ఇది ప్రాణుల పనియేనని 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోసింగ్, ముంట్జ్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. వారు మురికినీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టముగుండ మెల్లగా పోనిచ్చిరి. కొన్ని దినములు ఏ మార్పును కానరాలేదు. పిదప అమ్మోనియా తగ్గి నైట్రేటు రాసాగినది. క్లోరోఫారము ఆవిరి తగులగానే ఆ పని నిలిచిపోయినది.

కావున మామూలు ఇసుక వడపోత ఎంత చక్కగా పనిచేసినను నైట్రేటును తీసివేయదు. పైగా దానిని తయారుచేయును. తొట్టెలో నీరు తళతళలాడుచుండగనే నైట్రేటు నానాటికి పేరుకొనును. చేపలు కొంతవరకు ఓర్చుకొనును గాని పగడపు జీవులు ఓర్వలేవు. అందుచేత ఆ తొట్టెలను పెంచువారు మూడు ఉపాయములు చేయుదురు. నీటిలోనికి గాలి బుడగలను పంపి, మలినమును నురుగుతోపాటు కుళ్లకముందే తీసివేయుదురు. అప్పుడప్పుడు కొంత నీటిని మార్చుదురు. మూడవది ముఖ్యమైనది: అడుగున ఇసుకను మందముగా పరచుదురు. ఆ ఇసుక లోతులకు ప్రాణవాయువు చేరదు. అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును గ్రహించి, మిగిలిన నత్రజనిని వాయురూపమున విడిచిపెట్టును. అది బుడగలై గాలిలో కలిసిపోవును.

ఈ మూడవ పని మన రైతులకు తెలియనిది కాదు. నీరు నిలిచిన వరిమడిలో చల్లిన ఎరువులోని నత్రజని కొంత గాలిపాలగుట ఇందుచేతనే. చెరువు అడుగున నల్లని బురదలోను ఇదే జరుగును. సేద్యమునకు నష్టమైనది త్రాగునీటికి లాభమన్నమాట.

ఇక మన బావిని చూతము. ఈ మెట్టసీమలో భూమి అడుగున ఉన్నది నల్లసెనపు రాయి. శిథిలమైన రాతిపొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. ఒక విధముగా ఇదియు తొట్టెయే. పెంటకుప్ప, పశువుల కొట్టము, మరుగుదొడ్డి గుంట, పైరునకు మించిన యూరియా — వీనినుండి పుట్టిన నైట్రేటు వాననీటితో దిగి అందు చేరును. ఆ నీటినే తోడి పొలమునకు పారించగా, నీరు కొంత ఆవిరియై, లవణము తిరిగి క్రిందికి దిగును. ప్రాణవాయువు అందు తావులలో దానిని హరించు సూక్ష్మజీవులు పనిచేయలేవు.

దీనివలన మిక్కిలి ప్రమాదము పసిబిడ్డలకు, ముఖ్యముగా ఆరు నెలలలోపు వారికి. నైట్రేటు శరీరమున నైట్రైటుగా మారి, రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. బిడ్డ పెదవులు, గోళ్లు నీలివన్నెకు తిరుగును. బావినీటితో కలిపిన పాలు త్రాగిన శిశువులలో ఈ జబ్బును 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున కామ్లీ అను వైద్యుడు వివరించెను. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదు.

మంచిదని తల్లులు నీటిని మరగింతురు. మరగించుటవలన రోగక్రిములు చచ్చుట నిజమే; నైట్రేటు మాత్రము పోదు, ఇంకను చిక్కబడును. లీటరునకు 45 మిల్లీగ్రాములున్న నీరు ఒక లీటరు మరగి ముప్పాతిక లీటరైనచో, దాని పాలు లీటరునకు 60 మిల్లీగ్రాములగును. బట్టతో వడగట్టినను, ఇసుక, బొగ్గు కుండలలో వడపోసినను ప్రయోజనము లేదు. నాగపూరులోని 'నీరి' పరిశోధనా సంస్థ 1975లో ప్రకటించిన 'నల్లగొండ పద్ధతి'లో పటిక, సున్నము కలుపగా, పటికనుండి ఏర్పడిన తెట్టె ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. నైట్రేటు అట్లు దేనికిని చిక్కదు. దాని లవణములు దాదాపు అన్నియు నీట కరగునవే.

దానిని తీయగలవి, తగిన రసాయనిక రెసిను గల వడపోతయు, నీటిని ఒత్తిడితో సన్నని పొరగుండ పంపు ఆర్.ఓ. యంత్రమును. అయితే ఆ యంత్రము విడిచిపెట్టు నీటిలో నైట్రేటు మరింత చిక్కగా ఉండును. దానిని బావి ప్రక్కనే పారబోసినచో, తీసిన లవణమును తిరిగి బావికే ఇచ్చినట్లగును.

కనుక ఇంటివారు చేయదగినవి ఇవి. బావినీటిని వానలకు ముందొకమారు, తరువాత ఒకమారు పరీక్ష చేయింపవలెను. మిషన్ భగీరథ నదీజలము అందుచోట త్రాగుటకు, వంటకు దానినే వాడవలెను. ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు చాలును. పోతపాలు తప్పనిసరియైనచో పరీక్షించి మంచిదని తేలిన నీటినే కలుపవలెను. పెంటకుప్పను, మరుగుదొడ్డి గుంటను బావికి దూరముగా, పల్లపు వైపున ఉంచవలెను. బావి చుట్టు గట్టి చప్టా కట్టి, మురుగు నిలువకుండ చూడవలెను. యూరియాను ఒక్కసారిగా కాక, పైరు అవసరమునుబట్టి విడతలుగా వేయవలెను.

చేపల తొట్టె యజమాని మేతను మితముగా వేయుట మొదటి జాగ్రత్తగా పాటించును. నేలలో చేరిన నైట్రేటును వెలికి తీయుట ఖర్చుతో కూడిన పని. చేరకుండ ఆపుట ప్రతి ఇంటికిని సాధ్యమైన పని.